మీ పిల్లల డీఎస్‌ఓ పేరు మీకు తెలుసా?

సంపాదకుల వారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ పత్రిక జిల్లా పేజీల్లో అమెరికా చదువుల ప్రకటనలు లెక్కపెట్టాను. ఏడు ఉన్నాయి. ఒకరు వీసా గ్యారంటీ అన్నారు. ఒకరు బ్యాక్‌లాగ్స్ ఎన్ని ఉన్నా ఫరవాలేదన్నారు. ఇంకొకరు ‘విమానం ఎక్కేదాకా మాదే బాధ్యత’ అని పెద్ద అక్షరాలతో వేయించారు. ఆ మాట చదివి పేపరు పక్కన పెట్టేశాను. మా ఇంటి కష్టమంతా మా అమ్మాయి విమానం దిగిన తర్వాతే మొదలైంది. ఈ ఆగస్టుకు బయల్దేరబోతున్న పిల్లల తల్లిదండ్రుల కోసం అదంతా రాస్తున్నాను. పైన అడిగిన డీఎస్‌ఓ అంటే అమెరికా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఉద్యోగి. కాస్త పొడుగైనా ప్రచురించమని వేడుకుంటున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లె. తపాలా శాఖలో ముప్పై ఆరేళ్లు పనిచేసి పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. నేను చివరగా పనిచేసిన హెడ్ పోస్టాఫీసులోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉండేది. పొద్దున్నే వచ్చి బెంచీల మీద కూర్చునే పిల్లల్ని రోజూ చూసేవాణ్ణి. చేతిలో పదో తరగతి సర్టిఫికెట్, పక్కన తండ్రో మేనమామో. ఎక్కడికి బాబూ అంటే మూడొంతుల మంది ఎంఎస్‌కు అనేవారు. వాళ్లను చూసే నాకూ ధైర్యం వచ్చింది. మా అమ్మాయి బీటెక్ అయ్యాక 2023లో పంపించాం. బ్యాంకులో నలభై లక్షల లోను, దానికి ఎకరంన్నర మాగాణి తనఖా. ఒక కన్సల్టెన్సీ వాళ్లే అన్నీ చూశారు. ఆ ఏడాది జూన్‌లో నానక్‌రాంగూడలో ఉన్న కొత్త కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. మూడు నిమిషాల్లో అయిపోయింది. వీసా వచ్చింది. చిలుకూరు వెళ్లి, మొక్కుకున్నట్టుగా నూట ఎనిమిది ప్రదక్షిణలు మా ఆవిడే చేసింది. ఇక గండం గడిచిందనుకున్నాం.

మొదటి సెమిస్టర్ బాగానే గడిచింది. రెండో సెమిస్టర్‌లో, 2024 జనవరి చివర, అమ్మాయికి జ్వరం వచ్చింది. అక్కడ మంచు, మైనస్ పదిహేను. పది రోజులు మంచం దిగలేదు. తగ్గాక కూడా నిద్ర పట్టేది కాదు, తిండి సయించేది కాదు. క్యాంపస్‌లోని డాక్టర్ దగ్గరికి రెండుసార్లు వెళ్లింది. అప్పటికి మూడు సబ్జెక్టులు చదువుతోంది, ఒక్కోటీ మూడు క్రెడిట్లు, మొత్తం తొమ్మిది. క్రెడిట్ అంటే ఏమిటో నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడు బాగా తెలుసు, ఎంత చదువు చదువుతున్నారో కొలిచే లెక్క అది. వాళ్ల యూనివర్సిటీలో ఎంఎస్ విద్యార్థి సెమిస్టర్‌కు తొమ్మిది క్రెడిట్లు చదివితేనే ఫుల్‌టైమ్ లెక్క. ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు ఫుల్‌టైమ్ చదవడమే అక్కడ ఉండటానికి ఆధారం.

మూడు సబ్జెక్టుల్లో ఒకటి చాలా వెనకబడిపోయింది. రూమ్మేట్‌ను అడిగింది. ఆ అమ్మాయి ఒక ఏడాది సీనియర్, మన గుంటూరు జిల్లా పిల్లే. ‘డ్రాప్ చేసెయ్, ఏమీ కాదు. నేను కూడా పోయిన సెమిస్టర్ తక్కువ క్రెడిట్లే తీసుకున్నా. నీకు భయంగా ఉంటే సగం సెమిస్టర్‌లో మొదలయ్యే ఆన్‌లైన్ కోర్సు ఒకటి తీసుకో, తొమ్మిది నిండిపోతాయి’ అంది. మా అమ్మాయి అలాగే చేసింది. కంప్యూటర్‌లో చూస్తే తొమ్మిది క్రెడిట్లే కనిపిస్తున్నాయి. హమ్మయ్య అనుకుంది.

ఆ సీనియర్ పిల్ల మీద నాకు ఏ కోపమూ లేదు. జ్వరంలో మా అమ్మాయికి రసం అన్నం కలిపి పెట్టింది ఆ పిల్లే. కానీ ఆమె చెప్పిన దాంట్లో రెండు పొరపాట్లున్నాయి. ఆ రెండూ మాకు ఆలస్యంగా తెలిశాయి.

మొదటిది, ఆమె తక్కువ క్రెడిట్లు తీసుకున్నది తన ఆఖరి సెమిస్టర్‌లో. డిగ్రీ పూర్తి కావడానికి ఎన్ని మిగిలితే అన్నే చదివేందుకు ఆఖరి సెమిస్టర్‌లో అనుమతి ఇస్తారు. దానికీ ముందుగా కాగితం పెట్టాలి. ఆమె డిపార్ట్‌మెంట్ వాళ్లు పంపిన ఫారం నింపి సంతకం పెట్టింది, అదే అనుమతి అని ఆమెకు తట్టలేదు. రెండోది, మా అమ్మాయి చదివే మిగతా రెండు సబ్జెక్టుల్లో ఒకటి అప్పటికే ఆన్‌లైన్. ఎఫ్-1 విద్యార్థికి ఒక సెమిస్టర్‌లో ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే మూడు క్రెడిట్లు మాత్రమే, ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తాయి. రెండో ఆన్‌లైన్ కోర్సు చదవొచ్చు, మార్కులు వస్తాయి, ఫీజూ కట్టాలి. కానీ వీసా లెక్కలోకి రాదు. యూనివర్సిటీ లెక్కలో తొమ్మిది, ఇమిగ్రేషన్ లెక్కలో ఆరు.

ఈ లెక్క చూసేవాళ్లు వేరే ఉంటారు. ప్రతి యూనివర్సిటీలోనూ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు ఉంటుంది. అందులో డీఎస్‌ఓ అనే ఉద్యోగులు ఉంటారు. మన పిల్లల వివరాలన్నీ సెవిస్ అనే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో ఎక్కించేది వాళ్లే. వీసాకు ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే కాగితం మీద సంతకం పెట్టేది వాళ్లే. విద్యార్థి తన చిరునామా మారినా, చదువు తగ్గినా, పని చేయాలన్నా, దేశం దాటి వెళ్లి తిరిగి రావాలన్నా వాళ్ల ద్వారానే జరగాలి. మా అమ్మాయి అక్కడ దిగిన మొదటి వారం ఓరియెంటేషన్‌లో ఒకసారి ఆ ఆఫీసు చూసింది. మళ్లీ గడప తొక్కలేదు.

వాళ్లు రెండు మెయిల్స్ పంపారు. మా అమ్మాయి చూడలేదు. ఆ యూనివర్సిటీ మెయిల్‌కు రోజుకు నలభై వస్తాయట, పిజ్జా పార్టీ నుంచి పార్కింగ్ దాకా. తను చూసేది సొంత జీమెయిల్. మూడో మెయిల్ చూసేసరికి మార్చి చివర. సెవిస్ రికార్డు ‘టెర్మినేట్’ అయిందని, అంటే రద్దయిందని అందులో ఉంది.

మాకు తెల్లవారుజామున నాలుగింటికి ఫోను వచ్చింది. ఏడుపు తప్ప మాట లేదు. నేను లేచి బీరువాలోంచి ఫైలు తీసి, పాస్‌పోర్ట్ జిరాక్స్ చూశాను. ‘అమ్మా, వీసా 2028 దాకా ఉందిగా, ఎందుకు భయం’ అన్నాను. నాలాగే అనుకునే తండ్రులు వేలల్లో ఉంటారు కాబట్టి ఇది వివరంగా చెప్పాలి. పాస్‌పోర్ట్‌లో అతికించిన వీసా, అమెరికా గుమ్మం దగ్గరికి వెళ్లి లోపలికి రానివ్వమని అడగడానికి ఇచ్చిన చీటీ. లోపలికి వెళ్లాక ఉండనిచ్చేది ఆ చీటీ కాదు, స్టేటస్, అంటే నిబంధనల ప్రకారం ఉంటున్నామన్న గుర్తింపు. వీసా గడువు మిగిలి ఉన్నా స్టేటస్ పోవచ్చు. వీసా గడువు అయిపోయినా స్టేటస్ సక్రమంగా ఉంటే హాయిగా చదువు పూర్తి చేసుకోవచ్చు. ఈ రెండిటికీ తేడా మాకు కన్సల్టెన్సీలో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ తెల్లవారిన దగ్గర్నుంచి సలహాలు మొదలయ్యాయి. వాట్సాప్ గ్రూపులో ఒకరు, ఎవరికీ చెప్పకుండా సెమిస్టర్ పూర్తి చేసెయ్ అన్నారు. ఇంకొకరు వెంటనే ఇండియా వచ్చెయ్ అన్నారు. మా కన్సల్టెన్సీ వాళ్లకు ఫోన్ చేస్తే, అమెరికాలో ఉండే వాళ్ల మనిషి నంబర్ ఇచ్చారు. ఆయన చాలా తీయగా మాట్లాడాడు. ‘అంకుల్, టెన్షన్ పడకండి. ఇంకో యూనివర్సిటీకి మార్పించేస్తాం. డే-1 సీపీటీ. చేరిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. నెలకోసారి వీకెండ్‌లో వెళ్లి కనపడితే చాలు’ అన్నాడు. మూడు వేల డాలర్లు ముందు పంపమన్నాడు.

‘కనపడితే చాలు’ అన్న మాట వినగానే నాకు 2011 గుర్తొచ్చింది. కాలిఫోర్నియాలో పేరుకే చదువు చెప్పే ట్రైవ్యాలీ యూనివర్సిటీ అని ఒకటి మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు మీ పత్రికల్లోనే చూశాం. అందులో ఎక్కువ మంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. ఆ సంస్థ పెట్టినావిడకు తర్వాత పదహారేళ్ల జైలుశిక్ష పడింది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి, 2019 జనవరిలో, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. అది అసలు యూనివర్సిటీయే కాదు, ఇమిగ్రేషన్ అధికారులు మారువేషంలో నడిపినది. క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. 129 మంది భారతీయ విద్యార్థుల్ని పట్టుకున్నారు. అందులోనూ మన తెలుగు పిల్లలే ఎక్కువ. వాళ్లను చేర్పించినందుకు కేసుల్లో ఇరుక్కున్న ఎనిమిది మంది కూడా మనవాళ్లే. ఆ యూనివర్సిటీ పేరు, విదేశీ విద్యార్థుల్ని చేర్చుకోవచ్చని అనుమతి ఉన్న సంస్థల ప్రభుత్వ జాబితాలో కూడా ఉండేది, ఐ-20 వచ్చేది. కాబట్టి ఐ-20 వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. సీపీటీ అనేది చట్టంలో ఉన్నదే, చదువులో భాగంగా పని నేర్చుకోవడానికి పెట్టినది. చదువు లేకుండా పని మాత్రమే చూపిస్తున్నారంటే మాత్రం ఆ గడప తొక్కకూడదు.

నేను డబ్బు పంపలేదు. అమ్మాయికి ఫోన్ చేసి ఒకటే అడిగాను. ‘ఆ మెయిల్ కింద సంతకం ఎవరిది?’ ఒకావిడ పేరు చెప్పింది. ‘రేపు పొద్దున ఆఫీసు తలుపు తీసే టైముకు వెళ్లి ఆవిణ్ణే కలువు. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పు’ అన్నాను. ముప్పై ఆరేళ్లు కౌంటర్ వెనక కూర్చున్న మనిషిని. ఏ ఆఫీసులోనైనా కాగితం మీద సంతకం పెట్టినవారికే ఆ కాగితం సంగతి తెలుస్తుందని నాకు అనుభవం. అమ్మాయి భయపడింది. ‘వాళ్లే కదా నాన్నా టెర్మినేట్ చేసింది, మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లమంటావేంటి’ అంది.

వెళ్లింది. ఆవిడ గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడింది. రూపాయి ఫీజు లేదు. మొదట అడిగింది ఏమిటంటే, ‘బయట ఎక్కడైనా పని చేశావా?’ అని.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. కన్సల్టెన్సీ వాళ్లు బయల్దేరేముందే ‘దిగిన నెలలోపు పార్ట్‌టైమ్ దొరుకుతుంది, ఖర్చులు వెళ్లిపోతాయి’ అన్నారు. జనవరిలో ఊరి చివర గ్యాస్ స్టేషన్‌లో శని, ఆదివారాల్లో క్యాష్ పని ఉందని తెలిసినవాళ్లు చెప్పారు. ‘వెళ్లమ్మా, అందరూ చేస్తున్నదే’ అని నేనే ఫోన్‌లో అన్నాను. లోను వడ్డీ నెత్తిమీద కత్తిలా ఉంది. తీసుకెళ్లి దింపే కారు కుదరక, ఆ తర్వాత జ్వరం వచ్చి, తను వెళ్లలేదు. అందుకే ఆవిడ ప్రశ్నకు ‘లేదు’ అని నిజం చెప్పగలిగింది. ఎఫ్-1 విద్యార్థి క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలు మించకుండా పనిచేయొచ్చు. బయట పనికి విడిగా అనుమతి ఉండాలి. పోయిన స్టేటస్ తిరిగి ఇమ్మని పెట్టుకునే దరఖాస్తుకు, అనుమతి లేని పని చేసి ఉండకూడదన్నది ఒక షరతు. ఒక్క వారాంతం గ్యాస్ స్టేషన్‌లో నిలబడి ఉంటే మా అమ్మాయికి ఆ దారి మూసుకుపోయేది. ఆ మాట అన్న నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

రెండోసారి ఆవిడ అడిగినది, ‘జ్వరం వచ్చినప్పుడు నా దగ్గరికి ఎందుకు రాలేదు?’ డాక్టర్ ఉత్తరం ఒకటి పట్టుకుని, సబ్జెక్టు వదిలేయడానికి ముందు ఆ ఆఫీసుకు వెళ్లి ఉంటే, ఆరోగ్యం బాగోలేదని తక్కువ క్రెడిట్లకు అనుమతి ఆవిడే ఇచ్చేది. చట్టంలో ఆ వెసులుబాటు ఉంది. వారం రోజుల పని. అదే కారణం, అదే డాక్టర్, అదే సబ్జెక్టు. ముందు అడిగితే అనుమతి, అడగకుండా చేస్తే ఉల్లంఘన.

ఆవిడ రెండు దారులు చెప్పింది. ఒకటి, దేశం వదిలి వెళ్లి కొత్త ఐ-20తో, సెవిస్ ఫీజు 350 డాలర్లు మళ్లీ కట్టి తిరిగి రావడం. అప్పుడు చదువయ్యాక ఉద్యోగం చేసుకునే ఓపీటీ అనే అనుమతికి కావలసిన ఏడాది చదువు లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. రెండోది రీఇన్‌స్టేట్‌మెంట్, అంటే ఐ-539 ఫారం పెట్టి, పోయిన స్టేటస్‌ను తిరిగి ఇమ్మని అక్కడే ఉండి అడగడం. స్టేటస్ పోయిన ఐదు నెలల లోపు పెట్టుకోవాలి. ఇచ్చితీరాలనేమీ లేదు, అది అధికారుల ఇష్టం. తను డీఎస్‌ఓను మాత్రమేననీ, లాయర్ కాదనీ చెప్పి, విద్యార్థులకు యూనివర్సిటీలోనే ఉన్న లీగల్ సర్వీస్‌కు చీటీ రాసి పంపింది. అక్కడి లాయర్ మా అమ్మాయి ఉత్తరం దిద్దాడు. ఏప్రిల్‌లో దరఖాస్తు వెళ్లింది. డాక్టర్ కాగితాలు, మార్కులు, లోను పత్రాలు, డీఎస్‌ఓ సిఫారసుతో ఇచ్చిన కొత్త ఐ-20, అన్నీ కలిపి అరవై పేజీలు.

దరఖాస్తు తేలేదాకా చదవాలి, ఫీజులు కట్టాలి. ఎక్కడా పనిచేయకూడదు. దేశం దాటకూడదు, దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే.

ఆ జూలైలో మా అమ్మ పోయింది. తొంభై ఒక్క ఏళ్లు. మా అమ్మాయిని పెంచింది ఆవిడే, నేనూ మా ఆవిడా ఉద్యోగాలకు పోతే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాయనమ్మ ఒళ్లోనే. వేసవి సెలవులు, క్లాసులు లేవు, మామూలుగా అయితే వచ్చేసేది. రాలేకపోయింది. మా తమ్ముడి కొడుకు ఫోన్ పట్టుకుని పాడె వెంబడే నడిచాడు. కాలువ గట్టు దగ్గర సిగ్నల్ పోయింది. మళ్లీ వచ్చేసరికి చితి అంటుకుని ఉంది. అక్కడ అర్ధరాత్రి, అమ్మాయి కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని చూస్తోంది. ఏమీ మాట్లాడలేదు. ఒక మెయిల్ చూసుకోనందుకు, ఒక మాట ముందు అడగనందుకు ఇంత శిక్షా అని ఆ రోజు అనిపించింది. సెప్టెంబర్ చివర స్టేటస్ తిరిగి వచ్చింది. అప్పుడు కూడా మొదట ఫోన్ చేసి చెప్పింది ఆ డీఎస్‌ఓ గారే.

అప్పటి నుంచి మా అమ్మాయి పద్ధతి మారింది. ఏ పనికైనా ముందు ఆ ఆఫీసుకు ఒక మెయిల్. 2025 ఏప్రిల్‌లో అమెరికా అంతటా వేల మంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఒక్కసారిగా రద్దయ్యాయి. చాలామందికి కారణం కూడా తెలియలేదు. కోర్టుల్లో కేసులు పడ్డాక ఆ నెలాఖరుకు చాలావరకు తిరిగి పెట్టారు. ఆ మూడు వారాలూ వాట్సాప్‌లో వచ్చిన పుకార్లకు మా ఆవిడకు బీపీ పెరిగింది. అమ్మాయి మాత్రం డీఎస్‌ఓకు రాసి, తన రికార్డు యాక్టివ్‌గా ఉందని జవాబు తెప్పించుకుని, దాన్ని మాకు స్క్రీన్‌షాట్ తీసి పంపింది. ఆ ఒక్క లైను చూశాకే ఇంట్లో అందరం అన్నం తిన్నాం.

చదువు 2025 మేలో అయిపోయింది. తర్వాత ఓపీటీ, పన్నెండు నెలలు పని నేర్చుకునే అనుమతి. సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు ఆ పైన ఇంకో ఇరవై నాలుగు నెలలు అడగొచ్చు. ఓపీటీ మొదలైన రోజు నుంచి ఉద్యోగం లేకుండా గడిచిన రోజులు మొత్తం 90 దాటకూడదు. మా ఆవిడ గోడ క్యాలెండర్ మీద రోజుకో గీత పెట్టేది. తిథి, వర్జ్యం కనపడకుండా ఎర్ర పెన్నుతో గీతలే. నలభై దాటాక ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. ‘పేపర్ మీద ఉద్యోగం చూపిస్తాం, రోజుల లెక్క ఆగిపోతుంది, నెలకు మాకింత’ అన్నారు. అమ్మాయి ఈసారి నన్ను కూడా అడగలేదు, వద్దని చెప్పేసింది. అరవై ఎనిమిదో రోజున నిజమైన ఉద్యోగం వచ్చింది. చిన్న కంపెనీ, చిన్న జీతం. లోను కిస్తు మాత్రం కడుతోంది.

చిరునామా గురించి ఒక్క మాట రాయకపోతే నేను పోస్ట్‌మాస్టర్‌నే కాను. మన పిల్లలు అక్కడ ఏడాదికి రెండు ఇళ్లు మారతారు. ఇల్లు మారిన 10 రోజుల్లోపు డీఎస్‌ఓకు తెలపాలి. దరఖాస్తు ఏదైనా పెండింగ్‌లో ఉంటే ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో కూడా విడిగా మార్చాలి. అక్కడి పోస్టాఫీసులో చిరునామా మార్పు రాసిస్తే సరిపోతుందనుకుంటారు, సరిపోదు. ఇమిగ్రేషన్ శాఖ పంపే కవర్లను కొత్త ఇంటికి మళ్లిస్తారని నమ్ముకోకూడదు. ఉద్యోగానికి అనుమతినిచ్చే కార్డు పాత ఇంటి డబ్బాలో పడితే దాన్ని వెతకడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆరుగురు ఉండే అపార్ట్‌మెంట్‌లో లీజు ఒకరి పేరు మీదే ఉంటుంది, డబ్బా మీద ఆ ఒక్క పేరే ఉంటుంది. మీ పిల్లల పేరు కూడా ఆ డబ్బా లోపల చీటీ రాసి అంటించమనండి. కేరాఫ్ రాయడం చేతగాక తిరిగిపోయిన ఉత్తరాలు నా సర్వీసులో ఎన్నో చూశాను.

డీఎస్‌ఓ దేవుడని నేను అనడం లేదు. వాళ్లు యూనివర్సిటీ ఉద్యోగులు. తెలిసిన ఉల్లంఘనను రిపోర్ట్ చేయాల్సిన బాధ్యత వాళ్ల మీద ఉంటుంది. మన పిల్లల భయానికి కారణం అదే, అది ఉత్త భయమేమీ కాదు. అందుకే ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇంకా చేయని పని గురించి అడగడం ఉల్లంఘన కాదు. ఈ సబ్జెక్టు వదలొచ్చా, ఈ పని చేయొచ్చా, ఈ ఇంటర్న్‌షిప్‌కు ఏ అనుమతి కావాలి, పెళ్లికి ఇండియా వచ్చి వెళ్లాలంటే ఐ-20 మీద ప్రయాణం సంతకం ఎప్పటిదై ఉండాలి, ఇవన్నీ ధైర్యంగా అడగొచ్చు. జరగరానిది ఇప్పటికే జరిగిపోతే, అంటే అనుమతి లేని పని చేసినా, పోలీసు కేసు ఏదైనా పడినా, ముందు లైసెన్స్ ఉన్న ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవాలి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచితంగానో తక్కువ ఫీజుకో లీగల్ సర్వీస్ ఉంటుంది. వాట్సాప్ అన్నయ్య ఈ ఇద్దరిలో ఎవరూ కాడు.

బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడం 1999 చట్టం ప్రకారం నేరం. కెనడాలో డబ్బు తీసుకుని సలహా చెప్పాలంటే లైసెన్స్ ఉండాలి. మన దగ్గర విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్లకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చదువుకు పంపే కన్సల్టెన్సీ ఆ చట్టం కిందికి రాదు. గల్ఫ్‌కు తాపీమేస్త్రిని పంపేవాడికి ఉన్న జవాబుదారీ, నలభై లక్షల అప్పుతో ఆడపిల్లను అమెరికా పంపేవాడికి లేదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ దీని మీద ఒక చట్టం ఆలోచించాలి. ఉచిత కౌన్సెలింగ్ అంటారు కానీ చాలాచోట్ల పిల్ల చేరితే యూనివర్సిటీ నుంచి వాళ్లకు కమిషన్ ముడుతుంది. చేర్పించడంతోనే వాళ్ల పని అయిపోవడానికి కారణం అది. నిజంగా ఉచితంగా చెప్పే ఎడ్యుకేషన్ యూఎస్ఏ సలహా కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది, అమెరికా విదేశాంగ శాఖ మద్దతుతో నడుస్తుంది. దాని గురించి మా తెనాలిలో ఎవరికీ తెలియదు.

సంపాదకులు గారూ, మీకు నా మనవి రెండే. ‘వీసా గ్యారంటీ’ అన్న మాట ఉన్న ప్రకటనలు వేయకండి. ఏ కన్సల్టెన్సీ చేతిలోనూ లేని దాన్ని గ్యారంటీ అంటున్నారు. రెండోది, వ్యవసాయానికి, ఆరోగ్యానికి ఉన్నట్టే వారానికోసారి విదేశీ విద్యార్థుల ప్రశ్నలకు లైసెన్స్ ఉన్న లాయర్లతో జవాబులు చెప్పించే శీర్షిక ఒకటి పెట్టండి. తెలుగులో పెట్టండి. పిల్లలకు ఇంగ్లీషు వస్తుంది, ఆ జవాబులు చదవాల్సింది మాలాంటి తల్లిదండ్రులం. ‘అందరూ చేస్తున్నదే, వెళ్లమ్మా’ అని ఫోన్లో చెప్పేది మేమే కదా.

నేను ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం ఐదింటికి మా ఊరి గ్రంథాలయంలో కూర్చుంటున్నాను. సలహాలు చెప్పను, చెప్పే అర్హత నాకు లేదు. వచ్చినవాళ్ల ఐ-20 విప్పి, మొదటి పేజీలో ‘దిగగానే సంప్రదించాల్సిన స్కూల్ అధికారి’ అన్న చోట ఉన్న పేరు చూపిస్తాను. మూడో పేజీలో విద్యార్థి పాటించాల్సిన సూచనలు చిన్న అక్షరాల్లో ఉంటాయి, ఎవరూ చదవరు. అవి తెలుగులో చదివి వినిపిస్తాను. పోయిన వారం చుండూరు నుంచి ఒక తల్లి వచ్చింది. కొడుకు ఆగస్టు పదికి బయల్దేరుతున్నాడట. ఆ డీఎస్‌ఓ పేరు తెలుగులో ఎలా రాయాలో అడిగి, పసుపు రాసిన పాకెట్ నోటుబుక్కులో కొడుకు ఫోన్ నంబర్ కింద రాసుకుని వెళ్లింది.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి
విశ్రాంత పోస్ట్‌మాస్టర్, తెనాలి మండలం, గుంటూరు జిల్లా
(మా అమ్మాయి దరఖాస్తులు ఇంకా ఉన్నందున పేరు ప్రచురించవద్దని మనవి.)